పుస్తకంలో లేని వాక్యం

సెప్టెంబరు 11, గురువారం, ఉదయం పదకొండు ఇరవైకి ఆరో తరగతి పూజిత మొదటిసారి క్లాసులో లేచి నిలబడి ఒక పాఠం చదివింది. ఉప్పు తయారీ పాఠం. "సముద్రపు నీటిని మడుల్లోకి పారిస్తారు. ఎండకు నీరు ఇగిరిపోతుంది. మడిలో ఉప్పు మిగులుతుంది. ఉప్పెయ్యను చేతగాదు గానీ ఊళ్ళో పిల్లోళ్ళకంతా సదువు సెప్తాదంట. ఆ ఉప్పును పారలతో కుప్ప చేస్తారు." నాలుగో వాక్యం పుస్తకంలో లేదు.

మురుగేష్ చెయ్యెత్తాడు. "టీచర్, ఆ లైను మా బుక్కులో లేదు."

"నీ బుక్కులో లేకుంటే నేనేం సేసేది?" అంది పూజిత. "నా ట్యాబులో ఉండాది."

పిల్లలు నవ్వారు. నేను పూజితను కూర్చోమన్నాను. ఆ వాక్యం నా భర్త ముకుంద్‌ది.

పూజితకు మాట వస్తుంది, లెక్క వస్తుంది, అక్షరాలు విడివిడిగా వస్తాయి. వరుసగా ఉంటే కలిసిపోతాయి. జూన్ నుంచి జులై దాకా తెలుగు పీరియడ్‌లో రోజూ కడుపునొప్పి అనేది. చదవలేని పిల్లల కోసం ఆగస్టులో మా స్కూలుకు ఒక ట్యాబు, హెడ్‌ఫోను ఇచ్చారు. పాఠం వినబడుతూ ఉంటే, వినబడే వరుస తెరమీద పసుపు రంగులోకి మారుతుంది. ట్యాబులో ఉన్న గొంతు ఆమెకు నచ్చలేదు. "రైల్వే స్టేషన్లో సెప్పినట్టు సెప్తాది టీచర్, మీరు సెప్పండి" అంది. టీచరు గొంతు ఎక్కించే వీలు అందులో ఉంది. మా స్కూల్లో మూడు క్లాసులకు ఒకటే హాలు, మధ్యలో బీరువాలు అడ్డం. ఆ గోలలో కుదరదని ట్యాబు తిరుపతిలో మా ఇంటికి తీసుకొచ్చి, రోజూ ఉదయం ఆరింటికి ఎసట్లో బియ్యం పోసి, వంటింటి పక్క సామాన్ల గదిలో కూర్చుని చదివాను. ముప్పై ఒక్క పాఠాలు అయ్యాయి.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో పెరుమాళ్ళకు తళిగ పెట్టకముందు వంట ఎవరూ రుచి చూడరు. చూస్తే తళిగ, అంటే నైవేద్యం, ఎంగిలి అవుతుంది. వండేది నేను. చేతి అంచనా మీద ఉప్పు వేస్తాను. నెలలో రెండు మూడుసార్లు తప్పుతుంది. పదమూడేళ్ళుగా ఆ రెండు మూడుసార్లు లెక్కలో ఉన్నాయి. మిగిలిన రోజుల గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటర్వెల్‌లో హెడ్‌మాస్టర్ ధనంజయ పిలిచారు. ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

"ఏందమ్మా హంసినీ, ఆ పాప చదవతా ఉండాదని నెల రిపోర్టులో రాసినావు. ఇది చదవడం కాదు కదా, బట్టీ."

"అయ్యుండొచ్చు సార్."

"సోమవారం ఆఫీసరు వస్తాడు. ట్యాబు ఈడ ఉంచేదా, వేరే స్కూలుకు ఇచ్చేదా ఆయన చెప్పాల. పాప ఆయన ముందర గూడా మీ ఇంటి సంగతి చదివిందనుకో, ఏం చెప్తావు? ఆ పాఠం తీసెయ్. మిషన్ గొంతే పెట్టు."

ట్యాబు పోతే పూజిత కూడా పోతుంది. ఆమె అవ్వ గురవమ్మ పాకాల బస్టాండు దగ్గర పూలు అమ్ముతుంది. "సదువు రానిదానికి బడి ఎందుకు, నాతో కూసుని మూరలు కడతాది" అని జులైలోనే వచ్చి టీసీ అడిగింది. నెల ఆగమన్నది నేను.

ఆ సాయంత్రం దీపం పెట్టాక వంటింట్లో హెడ్‌ఫోను తగిలించుకుని, బీన్సు తరుగుతూ, ముప్పై ఒక్క పాఠాలూ విన్నాను. పదకొండు పాఠాల్లో ఇంట్లో వాళ్ళ మాటలు ఉన్నాయి. ఐదో పాఠంలో ముకుంద్: "టీచరు గదా, ఇంట్లో గూడా బెత్తం పట్టుకుంటాదేమో." పద్దెనిమిదిలో ఫోన్లో ఎవరితోనో: "మా ఆవిడదేముందబ్బా, పోతాది, వస్తాది." ఇరవై రెండులో అత్తయ్య కల్యాణవల్లి: "వాళ్ళింట్లో ఏం నేర్పి పంపినారో." తొమ్మిదో పాఠంలో నేను "పిచ్చుక గడ్డిపరక తెచ్చింది" అని చదివి, "వస్తున్నా అత్తయ్యా" అని, "దాన్ని గూటిలో పెట్టింది" అన్నాను. మూడింటికీ గొంతు ఒక్కటే. ఎక్కడా తడబడలేదు. ఎక్కడా ఆగలేదు. రికార్డు చేసేటప్పుడు ఈ పదకొండూ నాకు వినిపించలేదు. చేసిన తర్వాత సరిచూసుకోవడానికి విన్నప్పుడూ వినిపించలేదు. ఒక పిల్ల నిలబడి చెబితే తెలిసింది. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. బీన్సు అయిపోతే క్యారెట్ తీసుకున్నాను.

భోజనాల దగ్గర చెప్పాను. ముకుంద్ దేవస్థానం ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. మజ్జిగ పోసుకుంటూ విన్నాడు.

"నా పేరు ఉండాదా దాంట్లో?"

"లేదు."

"మరింకేం. కట్ చేసెయ్." మజ్జిగన్నం కలుపుతూ, "తమాషాకు అన్న మాట అది. దాన్ని పట్టుకుని ఆఫీసర్ల దాకా తీసుకపోతావా?" అన్నాడు.

అత్తయ్య అడిగింది, "ఎప్పుడన్నాడు హంసినీ? నేను ఈడనే ఉంటి గదా. నాకు వినపడలేదే."

ఆమె అబద్ధం చెప్పలేదు. రికార్డింగులో ముకుంద్ మాటకు పక్కనే ఆమె కాఫీ చల్లార్చుకునే చప్పుడు ఉంది. ఆమె ఈ ఇంటికి వచ్చి నలభై ఆరేళ్ళు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పూజితను పిలిచి వరండాలో కూర్చోబెట్టాను. ట్యాబు ఇవ్వలేదు. పుస్తకం ఇచ్చి, ఉప్పు పాఠం తీసి, వేలు పెట్టి చదవమన్నాను. బట్టీ పట్టినదైతే నోటికి వేగంగా వస్తుంది, వేలు వెనకబడుతుంది. ఆమె నోరే వేలి కోసం ఆగింది. "పారిస్తారు" దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్ళింది. మూడో వాక్యం అయ్యాక వేలు ఆగిపోయింది. పై వరుసకు వెళ్ళింది. కింది వరుసకు వచ్చింది. పేజీ తిప్పి, అవతల మొదటి వరుస చూసి, మళ్ళీ ఇవతలికి వచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది.

"ఈడ లేదు టీచర్."

"ఏం లేదు?"

"ఉప్పెయ్యను సేతగాదనే మాట. అంతా సదివి సూసినా. మురుగేష్ గాడు సెప్పింది నిజమే." తర్వాత అడిగింది, "ఎవురు టీచర్ అట్లన్నింది?"

"మా ఆయన."

"దినామూ అంటాడా?"

"ముప్పై ఒక్క పాఠాల్లో పదకొండిట్లో ఉన్నాయి. కొన్ని మా అత్తయ్యవి."

పూజిత ఆలోచించింది. "మా నాయన గూడా అంటాడు. మాయమ్మ సెంబు ఇసురుతాది. ఒగసారి తగిలింది గూడా." ఆ తర్వాత పుస్తకంలోకి వంగి "ఆ ఉప్పును" మీద వేలు పెట్టింది.

సోమవారం పది నలభైకి ఆఫీసరు వచ్చాడు. పూజిత పుస్తకంలోంచి, ఆయన చూపించిన చోట, తాను అంతకుముందు వినని పాఠంలో నాలుగు వాక్యాలు చదివింది. ఒక మాట తప్పింది. తానే దిద్దుకుంది. మార్చి దాకా ట్యాబు ఇక్కడే ఉంచమని ఆయన రిజిస్టరులో రాశాడు.

ఆయన వెళ్ళాక ధనంజయ సార్‌ను హాలు తాళంచెవి అడిగాను.

"ఎందుకమ్మా?"

"పదకొండు పాఠాలు మళ్ళీ చదవాలి సార్. బడి వదిలాక ఇక్కడ చేస్తాను. ఆరింటి దాకా ఉంటాను."

"ఇంట్లో ఏమీ అనరా?"

"అంటారు."

ఆయన తాళంచెవి ఇచ్చారు. నాలుగు ఇరవై బస్సు నేను ఎక్కలేదు. ఈ స్కూలుకు వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆ బస్సు తప్పించడం అదే మొదలు. ఐదు నలభైకి, ఆ రోజు మూడో పాఠం నడుస్తుండగా, ముకుంద్ ఫోన్ చేశాడు. ట్యాబు ఆపలేదు. ఫోను స్పీకర్లో పెట్టి దాని పక్కన ఉంచాను.

"యాడున్నావే? అమ్మ పొయ్యి గూడా వెలిగించలేదు. తళిగ టైమవుతా ఉండాది. బుద్ధి ఉండాదా..."

"రికార్డింగ్ అవుతోంది, చెప్పండి" అన్నాను.

అటువైపు ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. కాల్ కట్ అయింది. మొత్తం కాల్ ఇరవై ఆరు సెకన్లు. ఆ పాఠం మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఆరు పదికి పూర్తయింది.