దువ్వెన తీసిన చోట

డిస్కు వచ్చేసిందని మొగుడు ఫోన్లో చెప్పగానే కొత్త పెళ్లికూతురు మంచమెక్కి ఒక్క గెంతు గెంతింది. పెళ్లికి కొన్న మంచం, ఇంకా కిర్రుమనడం నేర్చుకోలేదు. మొగుడు టీవీ మెకానిక్. ఆ శరణార్థి సినిమా డిస్కు అమ్మకానికి వచ్చిన పూటే తెచ్చిపెట్టాలనీ, వేరే కానుకలేవీ తనకొద్దనీ పెళ్లయిన మర్నాడే అతనికి చెప్పేసింది. ప్రేమకథ మీద మోజనుకున్నాడు పాపం.

నిజంగా ప్రేమకథే. సరిహద్దు దాటి వచ్చిన ఒక కుర్రాడు, అలాంటివాళ్లను తరిమెయ్యడానికి చట్టం తెచ్చిన మంత్రిగారి కూతురు. చివర్లో పోలీసులు అతన్ని లారీ ఎక్కిస్తారు, ఆ పిల్ల చెప్పుల్లేకుండా వెనకాల పరిగెడుతుంది. హాల్లో అందరూ ముక్కులు చీదుకుంటుంటే ఈమె ఒక్కతే నిటారుగా కూర్చుని, తెరమీద ఆ పిల్ల భుజం వెనకాల కనబడే వీధిని చూసింది. ఆ లారీ వెళ్లిన వీధి ఈమె పుట్టింటివాళ్లదే. ఆ షూటింగు జరిగిన రోజే వీళ్ల కొంప మునిగింది.

అమ్మ టైలరు. ఆమె కొట్టు పెట్టుకున్న గది దువ్వెనది. బజారు సంఘానికి ప్రెసిడెంటే అయినా వీధికి అతను దువ్వెనే. మాటకోసారి జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ ఈ చెవి నుంచి ఆ చెవికి చేరవేస్తుంటాడు. పక్కనే అతని రెడీమేడ్ బట్టల షాపు. అమ్మ గది ఖాళీ చేస్తే గోడ కొట్టేసి షాపు పెంచుకోవాలని అతని ఆశ. అమ్మ ససేమిరా అంది.

షూటింగు రోజు కొట్లన్నీ మూయించారు. అమ్మ షట్టరు తాళంచెవి అన్నయ్య చేతికిచ్చి, కొట్టు కనిపెట్టుకుని ఉండమంది. వాడు హీరోయిన్ని చూద్దామని వీధి చివరికి పోయాడు. తిరిగొచ్చేసరికి వేసిన షట్టరు వేసినట్టే ఉంది, లోపల ఎంబ్రాయిడరీ మిషను మాత్రం లేదు.

తాళం పగల్లేదు కాబట్టి తాళంచెవి ఉన్నవాడే తీశాడని దువ్వెన తేల్చేశాడు. గది ఎవరిదో, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ఒక్కరికీ తట్టలేదు.

“ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు టైలరమ్మా. అమ్ముకుని తాగేసుంటాడు నీ కొడుకు,” అన్నాడు వీధి మధ్యలో నిలబడి.

అన్నయ్యకి టీ తప్ప మరో తాగుడు తెలీదు. వీధి నమ్మిందంటే సరే, అమ్మ కూడా నమ్మింది. మిషను లేని టైలరుకు కొట్టెందుకని గది వదిలేసింది. ఆనాటి నుంచి కొడుక్కి అన్నమైతే పెడుతుంది, పలకరింపు పెట్టదు. వాడు వీధి మొహం చూడలేక వెనక సందులోంచి ఇంటికి వస్తాడు, పోతాడు. చెల్లెలి పెళ్లిలో కూడా మూలనే నిలబడ్డాడు.

పెళ్లికూతురు హాల్లో చూసింది రెప్పపాటు. చెబితే ఎవరూ నమ్మరు. అందుకే డిస్కు కోసం కాచుకుంది.

మొగుడొచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో ఇద్దరూ ఇరుక్కున్నారు, ఒకే గ్లాసులో టీ తాగారు. లారీ కదిలింది. పిల్ల పరిగెత్తింది.

“ఆపు. కొంచెం వెనక్కి. ఆఁ, అక్కడ.”

బొమ్మ ఆగింది. పిల్ల చెదిరిన జుట్టు వెనకాల, సగం లేచిన షట్టరు. దాని ముందు తోపుడుబండి. బండి మీద దుప్పటి జారిన మిషను, దాని మెడకు అమ్మ పసుపుపచ్చ కొలత టేపు చుట్టే ఉంది. బండి పక్కన నిలబడి, అటూ ఇటూ చూసి, దువ్వెన తీసి తల దువ్వుకుంటున్న మనిషి. దొంగతనంలోనూ క్రాపు చెదరకూడదు మహానుభావుడికి.

ముందు అత్తయ్యకు చూపిద్దాం పద అన్నాడు మొగుడు.

“వద్దు. నలుగురి ముందు నమ్మింది. నలుగురి ముందే చూడాలి,” అందామె.

పెళ్లినాటి చీర కట్టుకుని దువ్వెన షాపుకెళ్లింది. అమ్మ మిషను ఉండే చోట ఇప్పుడు నిలువుటద్దం. దాన్ని చూసి కూడా నవ్వు చెదరనివ్వలేదు. షూటింగప్పుడు జనంలో తానూ నిలబడ్డాననీ, సినిమాలో తానున్నాననీ దువ్వెన వీధంతా చెప్పుకుంటాడు. హాల్లో మాత్రం ఎవరికీ దొరకలేదు.

“మీరు దొరికారు బాబాయ్. చివర్లో ఉన్నారు. చక్కగా తల దువ్వుకుంటూ.”

“చూశావా? చెబితే ఒక్కడు నమ్మాడా?” అతని మొహం చేటంతయింది.

తమ ఇంట్లో సినిమా వేస్తున్నామనీ, ఆయన కనపడగానే బొమ్మ ఆపేస్తామనీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోవచ్చనీ చెప్పింది. సంఘంవాళ్లందర్నీ తానే తీసుకొస్తానన్నాడు. ముందు వరసలో కుర్చీ తనకే కావాలన్నాడు. కొత్త కవరు తొడిగి ఉంచుతానని మాటిచ్చింది. దొంగకు తేలు కుడితే ఎలా ఉంటుందో ఆ కుర్చీలో చూడాలని ఆమెకు ఒళ్లంతా ఒకటే సంబరం.

అక్కణ్నుంచి సందులోకి తిరిగింది. అన్నయ్య గోడవారగా, తల వంచుకుని ఇంటికి పోతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపింది.

“రేపు సాయంత్రం మా ఇంటికి రా అన్నయ్యా, సందులోంచి కాదు, వీధిలోంచి. అమ్మని నీ పక్కన కూర్చోబెడతాను. రిమోటు నీ చేతికిస్తాను. సినిమాలో ప్రెసిడెంటు బాబాయ్ దువ్వెన తియ్యగానే బొమ్మ ఆపు. నేను చెప్పేదాకా వదలకు.”