శిక్ష పక్కన అతికించిన ణ

నేను ఒక ఫ్లెక్సీని. మా జాతి ఆయుష్షు మహా అయితే ఒక పుట్టినరోజు, ఒక ఊరేగింపు. నాకు ఆ అదృష్టం కూడా లేకపోయింది. నాలుగేళ్లు వరసగా ఒకే హాలులో ఒకే గోడకు వేలాడాను. మేకులు కొట్టిన చోటల్లా చిరిగాను. విసుగొచ్చింది నాయనా!

మహబూబ్‌నగర్‌లో ఒక ప్రింటింగ్ షాపులో పుట్టాను. నా మీద ‘గ్రామీణ యువ నాయకత్వ శిక్షణ శిబిరం’ అని ఉండాలి. డిజైన్ చేసినాయన ఫోన్‌లో మాట్లాడుతూ ఒక అక్షరం మింగేశాడు. ‘శిక్ష శిబిరం’ అని పడింది. శిబిరం నడిపే విద్యాసాగర్ సారు నన్ను విప్పి చూసి తల పట్టుకున్నారు. మళ్లీ వేయించాలంటే ఖర్చు భరించే పట్నం సంస్థకు సంజాయిషీ రాయాలి. అంత ఓపిక ఎవరికుంది? తెల్ల కాగితం మీద ణ రాసి, గమ్ముతో నాకు అతికించేశారు.

“దూరం నుంచి ఎవలికి కనిపిస్తది లే” అన్నారు.

ఏటేటా నా మీద సంవత్సరం అంకె మారేది. మిగతాదంతా అదే. యువతీయువకులు కళ్లకు గంతలు కట్టుకొని ఒకరినొకరు నడిపించేవారు, బెలూన్లు ఊదేవారు. సారు ప్రతిసారీ ఒకే సామెత చెప్పేవారు: “అడగనిదే అమ్మైనా పెట్టదు. అడుగుడు నేర్చుకోండ్రి.” చివర్లో నా ముందు ఫోటో. ఆ ఫోటో పట్నం వెళితేనే వచ్చే ఏటికి నిధులు. అడగడం సారుకు బాగానే వచ్చు.

నాలుగో ఏడు నల్లగుట్టపల్లి నుంచి శివలీల వచ్చింది. ఇరవై రెండేళ్లు. పది పాసైనా, కాలేజీ తొమ్మిది కిలోమీటర్ల దూరం, బస్సు లేదు కాబట్టి పత్తి చేలల్లో కూలికి కుదిరింది. ఇప్పుడు చెల్లెలు నందిని పది రాసింది. అక్క బతుకే చెల్లెలికీ పట్టేలా ఉంది. దాన్ని ఆపాలనే శివలీల అయిదు రోజుల కూలి వదులుకొని వచ్చింది.

ముగింపు రోజు పట్నం సంస్థవాళ్లు వచ్చారు. వాళ్ల కోసం తెచ్చిన పెద్ద ఫ్యాను గాలికి నా ణ ఊడి ఎటో ఎగిరిపోయింది. ఎవరూ చూసుకోలేదు. ‘నేను నేర్చుకున్నది’ గురించి రెండు ముక్కలు చెప్పమని శివలీల చేతికి మైకు ఇచ్చారు.

“అడగనిదే అమ్మైనా పెట్టదన్నరు, గందుకే అడుగుతున్న సార్. మా ఊరికి బస్సు లేదు. పోనురాను పద్దెనిమిది కిలోమీటర్లు నడవలేక నేను సదువు ఇడిసిపెట్టిన. మా చెల్లె గూడ ఇడిసిపెట్టేటట్టున్నది. ముందుగాల బస్సు ఇప్పియ్యుండ్రి. నా ఎనకున్న బ్యానర్ జూడుండ్రి, సరిగ్గనే రాసిండ్రు. మాది శిక్షనే.”

హాలంతా నన్ను చూసి నవ్వింది. పట్నంవాళ్లు మాత్రం నవ్వలేదు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. శిబిరం లక్ష్యం నుంచి పక్కకు పోయిందట, ఇక నిధులు లేవట. అడగడం నేర్పమన్నవాళ్లకే అడిగితే కోపమొచ్చింది. మనుషులింతే. సారు ఉద్యోగమూ పోయింది. పాపం, ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. హాలు ఖాళీ చేస్తూ నన్ను చుట్టి ఆమెకే ఇచ్చారు.

“తీసుకపో బిడ్డా. గొర్ల దొడ్డి మీద కప్పుకోను పనికొస్తది.”

ఆమె నన్ను దొడ్డి మీద కప్పలేదు. తిరగేసి, తెల్లటి వీపు మీద ఎర్ర రంగుతో ‘మా ఊరికి బస్సు కావాలె’ అని రాసింది. ఊరి ఆడపిల్లల్ని వెంటేసుకొని బస్సు డిపో ముందు మూడుసార్లు కూర్చుంది. వెళ్లిన ప్రతి రోజూ ఆమె కూలి పోయింది. రెండుసార్లు చూద్దామన్నారు. మూడోసారి మేనేజరు బయటికొచ్చి వాళ్ల అర్జీ కాగితం తీసుకున్నాడు.

జూన్‌లో ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి బస్సు వచ్చింది. అప్పటికి ఊళ్లోవాళ్లు నన్ను రోడ్డు పక్కన నాలుగు కర్రలకు నీడగా కట్టారు. నందినితో పాటు పదకొండు మంది అమ్మాయిలు ఎక్కారు. శివలీల కిందే నిలబడి ఉంది.

“నువ్వెక్కవా బిడ్డా?” అన్నాడు కండక్టరు.

“నా సదువు ఎప్పుడో దిగిపోయిందన్నా. నువ్వు రైట్ చెప్పు.”

బస్సు కదిలింది. అది కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూనే ఉంది. అరిగిపోయిన ప్రాణమే అయినా నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆమె చున్నీ నడుముకు బిగించుకొని, పత్తి గింజల సంచి భుజాన వేసుకొని, కూలికి ఆలస్యమైందని గబగబా చేను వైపు నడిచింది.