వంటింట్లో మైకు

మా అల్లుడు చప్పుడు చేసినన్నాళ్లూ నాకు అతనిమీద ఏ అనుమానమూ లేదు. చప్పుడు ఆగిపోయాకే మొదలైంది.

అతను మెటల్ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాడు. మెటల్ అంటే తెలియనివాళ్లకు చెప్తున్నాను: నలుగురు మగాళ్లు నల్లచొక్కాలు వేసుకుని, జుట్టు ముఖంమీదికి విరబోసుకుని, ఎవరో తమ ఆస్తి కాజేసినట్టు అరుస్తూ వాయించే సంగీతం. నేను కూతురింటికి వచ్చిన కొత్తలో అతను సాధన మొదలుపెడితే గ్లాసుల్లో నీళ్లు వణికేవి. పక్కింటావిడ గోడ బాదేది. నేను చెవుల్లో దూది కుక్కుకుని, "లోకంలో ఇంకెవరూ దొరకలేదటే నీకు?" అని మా అమ్మాయిని సాధించేదాన్ని. అయినా అతనంటే భయం ఉండేది కాదు. అంత గట్టిగా అరిచేవాడి కడుపులో ఏం దాగుతుంది?

అలాంటివాడు ఉన్నట్టుండి పిల్లిలా తయారయ్యాడు. పెద్ద స్పీకరు పెట్టెమీద దుప్పటి కప్పేశాడు. హాల్లో ఓ మూల కంప్యూటరు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గిటార్ మీద ఒక్క తీగ మీటి, పూటంతా దాన్నే వింటున్నాడు. నేను అటుగా వెళ్తే తెరమీద ఉన్నదాన్ని టక్కున మార్చేస్తున్నాడు. "ఏం చేస్తున్నావు బాబూ?" అని అడిగాను.

"సొంతంగా ఒక ఆల్బమ్ అత్తయ్యా. బ్యాండ్‌తో కాదు. అందులో మా పాటల్లా ఏమీ ఉండదు, ఊరికే ఒక ప్రయోగం," అన్నాడు.

ప్రయోగం అన్నమాట దగ్గరే నా చెవి ఆగిపోయింది. ఎవరిమీద ప్రయోగం?

నా అనుమానానికి కారణం ఉంది. అది చెప్పకపోతే నన్ను వట్టి చాదస్తపు మనిషి అనుకుంటారు. ఇక్కడికి రాకముందు నేను కొడుకు దగ్గర ఉండేదాన్ని. నాకు నోరెక్కువ, ఒప్పుకుంటాను. కోడలికి పంతం ఎక్కువ, అది ఆవిడ ఒప్పుకోదు. ఒకరోజు వంటింట్లో ఇద్దరం మాటా మాటా అనుకుంటుంటే మావాడు గుమ్మం పక్కన నిలబడి ఫోన్లో అంతా రికార్డు చేశాడు. తర్వాత మా అన్నయ్యనూ వదిననూ పిలిచి, కూర్చోబెట్టి వినిపించాడు. నా మాటలు నాకే వినపడుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోడలి మాటలు సగానికి సగం అందులో లేవు, ఎలా పోయాయో మావాడికే తెలియాలి. "అమ్మతో వేగడం ఎంత కష్టమో మీరే చూడండి," అన్నాడు. ఆ వారంలోనే బట్టలు సర్దుకుని కూతురింటికి వచ్చేశాను. నాకున్నది ఇద్దరే పిల్లలు. ఈ ఇల్లు కూడా పోతే వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు.

ఇక్కడ నాకిచ్చిన గది కూడా మామూలుది కాదు, అల్లుడి గిటార్ల గది. నేను దిగిన రోజున అతని సామానంతా హాల్లోకి మారింది. అతను పల్లెత్తు మాట అనలేదు. అనాల్సినచోట అననివాళ్లను నేను అసలు నమ్మను.

ఒకరోజు పళ్లేల స్టాండు వెనక తుడుస్తుంటే చేతికి ఏదో తగిలింది. బొటనవేలంత నల్లటి మైకు, దాని నెత్తిన స్పాంజి టోపీ. దాని వైరు గోడ వెంబడి పాకి, తలుపు సందులోంచి హాల్లోకి పోతోంది. వెతికితే ఇంకొకటి నా గది బయట, చెప్పుల అర కింద దొరికింది. రెండూ పీకి పారేద్దామనుకున్నాను. కానీ పీకితే నాకు తెలిసిపోయిందని అతనికి తెలిసిపోతుంది. మింగలేక కక్కలేక, ఎక్కడివి అక్కడే వదిలేశాను.

ఆ మర్నాడే ఇంకో విడ్డూరం. నేను గది తలుపు విసురుగా వేస్తే అతను హాల్లోంచి పరుగున వచ్చి, "అత్తయ్యా, ఆ తలుపు ఇంకోసారి అలాగే వేస్తారా?" అని అడిగాడు. "ఎందుకు నాయనా?" అంటే నీళ్లు నమిలాడు. నేను వేయలేదు. మధ్యాహ్నం బాల్కనీలో బట్టలారేస్తుంటే అతను ఎవరితోనో ఫోన్లో మాట్లాడటం చెవినపడింది. "ఇంకొంచెం కావాలి. ఆవిడ గొంతు పొద్దునపూట బాగా వస్తుంది. మా ఆవిడ పనికెళ్లాక ఇంకా బాగుంటుంది," అంటున్నాడు. మావాడు వదిలిన పని అల్లుడు అందుకున్నాడు.

ఇంక నేనూ నా జాగ్రత్తలో పడ్డాను. నోరు దొరికితే కదా వీళ్లకు! గిన్నెలు దించేచోట తువ్వాలు మడతపెట్టి పరిచాను. మూతలను పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాను. చెప్పులు ఈడ్చకుండా కాళ్లెత్తి నడిచాను. మాట జారబోయినప్పుడల్లా నాలుక కరుచుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. పళ్లేల స్టాండు వైపు ముఖం పెట్టి, "ఎంత బుద్ధిమంతుడమ్మా మా అల్లుడు! నన్ను కన్నతల్లిలా చూసుకుంటున్నాడు," అని రేడియోలో వార్తలు చదివినట్టు స్పష్టంగా చెప్పేదాన్ని. రేపు ఎవరెవరిని కూర్చోబెట్టి వినిపిస్తాడో వినిపించనీ అనుకున్నాను.

మా అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నేను నవ్వుతూ తలుపు తీస్తే, లోపలికైనా రాకుండా నా నుదుటిమీద చెయ్యివేసి చూసింది.

"ఏమైందమ్మా? ఒంట్లో బాగానే ఉందా? ఈ మధ్య నన్నేమీ అనట్లేదు."

"ఏమంటానే? అనడానికేముంది?"

"అదే భయంగా ఉంది," అంది.

అల్లుడి వాలకం ఇంకా వింతగా ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం, తీసేయడం, జుట్టు పీక్కోవడం. అసలే ఆ జుట్టు చాలా ఉంది, పీక్కున్నకొద్దీ వస్తుంది. ఒకసారి వంటింట్లోకి వచ్చి నేను పరిచిన తువ్వాలును అదోలా చూశాడు.

"అత్తయ్యా, మీకు ఈ మధ్య కోపం రావట్లేదేంటి?"

"నాకు కోపమా? ఆ మాటే ఎరగను నాయనా," అన్నాను స్టాండు వైపు తిరిగి.

అతని ముఖం వాడిపోయింది. నాకు లోలోపల సంతోషమేసింది. కానీ నోరు కట్టుకుని బతకడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. తిట్టకుండా ఉంటే ఒళ్లంతా ఉక్కపోసినట్టుగా ఉండేది.

అనుమానపడేది నేనొక్కదాన్నే కాదని గుండు వచ్చాక తెలిసింది. గుండు అంటే వాళ్ల బ్యాండ్‌లో డ్రమ్స్ కొట్టేవాడు. మిగతావాళ్లకు నడుం దాకా జుట్టు, ఇతనికి నున్నటి గుండు. అల్లుడు గిటార్ తీగలు కొనడానికి బజారుకెళ్లిన సమయం చూసి వచ్చాడు.

"ఆంటీ, నిజం చెప్పండి. వీడు ఇంట్లో ఏం చేస్తున్నాడు?" అన్నాడు గొంతు తగ్గించి. "రిహార్సల్‌కి వస్తాడు, వాయిస్తాడు, పోతాడు. సొంత ఆల్బమట. డ్రమ్స్ ఎవరురా అంటే 'ఉన్నారులే' అంటాడు. ఎవరాంటీ? నాకు తెలియకుండా ఇంకొకణ్ని పెట్టుకున్నాడా?"

"నీ గోల నీది. ఇక్కడ నా కొంపే మునిగేలా ఉంది," అని మైకుల సంగతి చెప్పాను.

"అంటే మీమీద సాక్ష్యాలు కూడగడుతున్నాడంటారా?"

"కాకపోతే గిన్నెల వెనక మైకు ఎందుకు నాయనా? గిన్నెలు పాడతాయా?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కంప్యూటరు ఎదురుగానే ఉంది. "నాకు అది తెరవడం వచ్చు," అన్నాడు గుండు. "నాకు కాపలా కాయడం వచ్చు," అన్నాను నేను.

గుండు కంప్యూటరు తెరిచి మొదటి పాట పెట్టగానే, ముందు గరగరమని ఏదో ఈడ్చిన చప్పుడు వచ్చింది. నా చెప్పులు. తర్వాత ఠంగుమని మూత. మళ్లీ గరగర, మళ్లీ మూత, దబ్బుమని తలుపు. వాటి వెనకనుంచి ఒక్క గిటార్ తీగ మెల్లగా మోగుతోంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఎక్కడా తప్పడం లేదు. గుండు వేళ్లు వాటంతటవే బల్లమీద తాళం వేశాయి. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇది మీరే కదూ?"

"మూతలు విసిరితే అలాగే ఉంటుంది మరి," అని ఒప్పుకున్నాను.

"ఆంటీ! వీడు నా పని మీకిచ్చాడు!"

ఏడవాలో నవ్వాలో తెలియని అతని ముఖం చూసి నాకు నవ్వాగలేదు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడం ఎందుకు. తర్వాతది పెట్టమన్నాను.

అందులో మూతలు లేవు, తలుపులు లేవు. ఒక ఆడగొంతు. కానీ ఒక్క మాట కూడా తెలియడం లేదు. ఏ అక్షరమూ పట్టుబడకుండా అంతా చెరిపేశాడు. గొంతు పైకి లేవడం, కిందికి దిగడం, మధ్యలో తెగడం, అంతే మిగిలింది. గొంతు ఎటు పోతే గిటార్ అటు పోతోంది, కాస్త వెనకగా, చిన్నపిల్లను ఒంటరిగా పంపనట్టు. గుండు ముఖంలో నవ్వు పోయింది. కదలకుండా చివరిదాకా విన్నాడు.

"ఎవరాంటీ ఆ ఏడుస్తున్నావిడ?" అన్నాడు.

నా గొంతు నాకు తెలియదా? అది ఏడుపు కాదు. గరిటె పట్టుకుని నేను రోజూ సాధించే సాధింపు. పాలు పొంగాయని, తలుపు గడియ వేయలేదని, అమ్మాయి ఆలస్యంగా వచ్చిందని. మాటలున్నప్పుడు నాకది ఎప్పుడూ కోపంగానే వినపడింది. మాటలు తీసేశాక వెతికినా కోపం కనిపించలేదు. ఉన్నదంతా భయం. నన్ను పంపేయకండి, పంపేయకండి అని పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అరుస్తున్నాను, ఆ ఒక్క మాట తప్ప అన్ని మాటలూ వాడి. సిగ్గుతో చచ్చిపోయాను.

కాపలా కాస్తానన్నదాన్ని గుమ్మం వైపు చూడటమే మర్చిపోయాను. అల్లుడు అక్కడ నిలబడి ఉన్నాడు.

గుండు ముందు లేచాడు. "డ్రమ్స్‌కి మూతలు పెట్టుకున్నావా రా?"

"ఇది బ్యాండ్‌లో వాయిద్దామంటే మీరు నన్ను తంతారు," అన్నాడు అల్లుడు.

"తంతాం," అన్నాడు గుండు. తలుపు దాకా వెళ్లి, "ఆ రెండోది మాత్రం..." అంటూ నావైపు చూశాడు. అప్పటికి అర్థమైనట్టుంది. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"నాకు చెప్పకుండా మైకులెందుకు పెట్టావు?" అని అడిగాను. "నన్ను పంపేయడానికేనా?"

ఆ మాట ఇన్నాళ్లకు నా నోటివెంట వచ్చింది. కొడుకుని కూడా అడగలేదు నేను. అల్లుడు తీగల పొట్లం బల్లమీద పెట్టాడు. అబద్ధం చెప్తాడనుకున్నాను.

"మొదట్లో అందుకే అత్తయ్యా," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గది పోయింది. రోజంతా మీ గొంతు. మీ అమ్మాయితో అంటే 'అమ్మ అంతేం అనదు, నీకే ఎక్కువ వినపడుతోంది' అనేది. తనకి వినిపిద్దామని పెట్టాను. బాగా ఘాటుగా ఉన్నవి ఏరదామని కూర్చున్నాను. ఏరాలంటే మళ్లీ మళ్లీ వినాలి కదా. వినగా వినగా మాటలు అరిగిపోయాయి. అప్పుడు ఇది వినపడింది." తల వంచుకున్నాడు. "ఇంక తనకి వినిపించలేదు. మిమ్మల్ని అడగాల్సింది. అడిగే ముఖం లేక అడగలేదు."

నేను అనుమానించింది నిజమే అయింది. ఆ తృప్తి ఒక నిమిషం కూడా నిలవలేదు.

"మాటలున్నవి ఏం చేశావు?"

"ఉన్నాయి." తెరమీద చూపించాడు. "ఈ మీట నొక్కితే అన్నీ పోతాయి. నేను చెరిపేశానంటే మీరు నమ్మరు. మీరే నొక్కండి."

"మరి ఆ పాటో?"

"ఇంకా వాటిమీదే కడుతున్నాను. అదీ పోతుంది."

మీటమీద వేలు పెట్టాను. "నీ ఆల్బమ్ ఏమవుతుంది?"

"పర్వాలేదు అత్తయ్యా. ఇంకేదో చేసుకుంటాను."

మాటలు వదిలేసి అతని గొంతు విన్నాను. అలా వినడం ఇందాకే నేర్చుకున్నాను మరి. అతనికీ భయంగానే ఉంది. నేను నొక్కుతానేమోనని ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు.

వేలు తీసేశాను.

"పూర్తయ్యాక ఇది మావాడికి పంపు," అన్నాను.

అతను కంగారుపడ్డాడు. "మాటలున్నదా?"

"ఎందుకు? మాటలున్నది వాడి దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఇది పంపు. ఎవరి గొంతో మాత్రం చెప్పకు. వాడు గుర్తుపడతాడో లేదో చూస్తాను."