ఆరో లైనులో మమత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది, మా ఆయన అంటాడు, ఇప్పుడు నేను డ్రిల్లు నేర్పే బడిలో పిల్లలూ చాటుగా అంటారు. అననీ. కానీ ఆ డిసెంబరులో హఫీజ్‌పేట పోటీల రోజు వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. అదీ ఒకే రోజులో మూడుసార్లు.

అప్పుడు నేను రాయదుర్గం సర్కారు బడిలో తొమ్మిదో తరగతి. మా బడికి మైదానం లేదు, బండలున్నాయి. వాటి మీద మేకలు ఆడుకునేవి. అందుకని మా డ్రిల్లు సారు యాదయ్య మమ్మల్ని పొద్దున్నే మాదాపూర్ వైపు కొత్తగా వేసిన రోడ్డు మీదికి తీసుకెళ్లేవాడు. గుండ్రటి అద్దాల భవనం ఒకటి అప్పుడే లేచి నిలబడింది. చుట్టుపక్కల ఇంకొన్ని లేస్తున్నాయి. అంత వెడల్పు రోడ్డు మీద ఆ వేళప్పుడు పాల సైకిళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. సారు ఇటుక ముక్కతో రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీసేవాడు. అందరం ఆ గీత దగ్గర కాలివేళ్లు ఆనించి నిలబడాలి. ఎవరి వేలు ముందుకు జరిగినా కట్టెతో తట్టి, "గీత దాటినోడు దొంగ" అనేవాడు. అక్కడినుంచి దూరంగా కనిపించే కరెంటు స్తంభం దాకా ఉరకాలి. మాకు తెలిసిన పరుగంతా అంతే. అడ్డంగా ఒక గీత, నిటారుగా ఒక రోడ్డు.

మమత దసరా సెలవుల తర్వాత మా క్లాసులో చేరింది. వాళ్లది పాలమూరు జిల్లా. వాళ్ల నాన్న సాయిలు తాపీ పని చేసేవాడు, అమ్మ లక్ష్మమ్మ ఇటుకలు మోసేది. లేస్తున్న భవనం పక్కనే రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. పని అయిపోతే ఇంకో ఊరు, ఇంకో షెడ్డు, మమతకు ఇంకో బడి. "నీకు ఇది ఎన్నో బడే?" అని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, మధ్యలో వదిలేసి, "పో, యాదికి లేదు" అంది.

వచ్చిన మొదటి రోజే పరుగులో నన్ను దాటేసింది. అంతవరకు మా బడిలో నేనే ఫస్టు. కొన్నాళ్లు దానితో మాట్లాడలేదు. చివరికి అదే నా దగ్గరికి వచ్చి, "స్వరూపా, నువ్వు పక్కన ఉరుకుతుంటెనే నాకు కాళ్లాడ్తయే" అంది. అలా అన్నాక ఇక కోపం ఎక్కడ నిలుస్తుంది? చచ్చినట్టు స్నేహం చేశాను.

హఫీజ్‌పేట దగ్గర కొత్తగా పెట్టిన పెద్ద ప్రైవేటు స్కూలు వాళ్లు చుట్టుపక్కల బడులన్నిటినీ పోటీలకు పిలిచారు. సర్కారు క్రీడల హాస్టల్ కోచ్ ఈశ్వరయ్య గారు చూడటానికి వస్తున్నారనీ, పరుగుల్లో ఫస్టు వచ్చినవాళ్లను హాస్టల్లో చేర్చుకుంటారనీ డ్రిల్లు సారు చెప్పాడు. నాకు ఆ హాస్టల్ గొడవ పట్టలేదు. మమత మాత్రం ఆ రోజు నాతో పాటు మా ఇంటి దాకా నడిచి వచ్చింది.

"మా బాపోళ్ల పని అయిపాయె. నెలాఖరుకు పుణె పోతమంట. ఆడ తెలుగు బడి లేదంట. ఇగ నేను గూడ ఇటుకలకే."

"మరి హాస్టల్?"

"సీటొస్తే పదో తరగతి దాక ఆడనే. బాపు ఒప్పుకున్నడు. రాకపోతే పుణె." ఆ మాట చెప్పి చెప్పులతో రాళ్లు తన్నుకుంటూ వెళ్లిపోయింది.

పోటీల రోజు ఆ స్కూలు మైదానం చూసి నోరు తెరిచాను. గుండ్రటి ట్రాక్, సున్నంతో గీసిన ఆరు లైన్లు, పక్కన షామియానా, మైకు. మేమిద్దరం చెప్పులు షామియానా కింద వదిలి మైదానంలోకి వెళ్లాం. ఉత్త కాళ్లతో ఉరకడం మాకు అలవాటు. మైకు పట్టుకున్న ఆయన మా కాళ్లు చూశాడు. "రాయదుర్గం ప్రభుత్వ పాఠశాల నుంచి, కనీసం చెప్పులు కూడా లేకుండా వచ్చిన ఈ పేద విద్యార్థినులను మనమంతా ప్రోత్సహించాలి. గట్టిగా చప్పట్లు!"

అది మొదటి కోపం. నా చెప్పులు మొన్ననే మా నాన్న బేగంబజారులో బేరమాడి కొన్నవి. తెచ్చి ఆయనకు చూపిద్దామని వెనక్కి తిరిగాను. మమత చెయ్యి పట్టి ఆపింది. దాని మొహం గట్టిపడింది. "ఉరకకముందే చప్పట్లెందుకే?" అంది.

మాకు నాలుగు వందల మీటర్ల పందెం. నాకు చీటీలో ఒకటో లైను వచ్చింది, మమతకు ఆరోది. ఆ స్కూలు డ్రిల్లు టీచరు సుబ్బలక్ష్మి మేడమ్ మమ్మల్ని వరసగా నిలబెట్టింది. అది వరసా? నన్ను అందరికంటే వెనక నిలబెట్టింది. రెండో లైను అమ్మాయి నాకంటే ముందు, మూడో అమ్మాయి ఇంకా ముందు, ఆరో లైనులో మమత ఎక్కడో వంపు దగ్గర. పట్టపగలు ఇంత మోసమా!

"ఏంది మేడమ్ గిది? నన్ను గింత ఎనక నిలబెడ్తరా?"

"అది అంతేనమ్మా. వంపు ఉంది కదా, చివరికి సరిపోతుంది. నోరు మూసుకుని నిలబడు."

నాకు అర్థమైంది నోరు మూసుకోమన్నది ఒక్కటే. యాదయ్య సారు తాడు అవతల, చాలా దూరంలో ఉన్నాడు. మమత వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూసింది. అయిదుగురం మెట్లు మెట్లుగా దాని వెనక నిలబడి ఉన్నాం. అది నా వైపు చూసింది, తర్వాత మైకు వైపు చూసింది.

తుపాకీ పేలింది. నేను పళ్లు బిగించి ఉరికాను. మమత కదల్లేదు.

నిలబడే ఉంది. నడుము మీద చేతులు పెట్టుకుని వెనక్కి చూస్తూ నిలబడింది. "పరుగెత్తమ్మా, పరుగెత్తు!" అని మేడమ్ కేకలు పెట్టింది. షామియానా కింద జనం నవ్వారు. ఒక్కొక్కరూ దాన్ని దాటిపోయారు. చివర ఉన్న నేను దాని పక్కకు వచ్చాక, అప్పుడు ఉరికింది. ఎట్లా ఉరికిందో! ఇద్దరిని దాటింది, నా మెడ మీదికి వచ్చింది. అప్పటికే చివరి గీత వచ్చేసింది. ఆ స్కూలు అమ్మాయి నీహారిక ఫస్టు. నేను మూడు. మమత నాలుగు.

అది రెండో కోపం. ఊపిరి కూడా పీల్చుకోకుండా దాని జబ్బ పట్టుకున్నాను. "పిచ్చి లేసిందా నీకు? ఎందుకు నిలబడ్డవే?"

"వాళ్లు ధర్మం చేస్తే తీసుకోవాల్నా?" అది నా మీదే అరిచింది. "ఇందాక చప్పట్లు కొట్టిరి. ఇప్పుడేమో ముంగట నిలబెట్టి గెలిపిస్తరంట. గీత దాటినోడు దొంగ అని సారు చెప్పలే? నువ్వు ఎనక ఉంటే నేనెట్ల ఉరుకుతనే?"

సారు తాడు దాటుకుని వచ్చి ఈ మాటలన్నీ విన్నాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. "అయ్యో బిడ్డా, అది ముంగట నిలబెట్టుడు గాదు" అంటూ పుల్లతో మట్టిలో గుండ్రాలు గీశాడు. బయటి గుండ్రం పెద్దది, లోపలిది చిన్నది అన్నాడు. మమత ఆ గుండ్రాల వైపు చూడను కూడా లేదు. "మీరు నన్ను సముదాయిస్తున్నరు సార్" అంది.

మధ్యాహ్నం భోజనాలకు అందరూ షామియానా కిందికి చేరారు. ట్రాక్ ఖాళీ అయింది. నేను నా చున్నీ తీసుకుని దాన్ని లాక్కుపోయాను. దాన్ని మూడో లైనులో నిలబెట్టి, నేను ఒకటో లైనులో నిలబడ్డాను. చున్నీ కొస ఒకటి దాని చేతిలో, ఒకటి నా చేతిలో. ఇద్దరం సరిగ్గా పక్కపక్కన.

"ఇగ నడువు. పక్కనే ఉండాలె. ఎనకపడొద్దు."

నడిచాం. వంపు మొదలవగానే చున్నీ బిగిసింది.

"జర మెల్లగ నడువే" అంది.

"మెల్లగనే నడుస్తున్న."

అది అడుగు పెద్దది చేసింది. ఇంకా చాల్లేదు. సగం వంపు వచ్చేసరికి నేను అమ్మతో బజారుకు పోతున్నట్టు నడుస్తున్నాను, అది నా పక్కన ఉండటానికి గబగబా అడుగులేస్తోంది. వంపు తిరిగి చివరికొచ్చాక చున్నీ వదిలేసి నిలబడిపోయింది. నేను కూడా నిలబడ్డాను. చెప్పొద్దూ, ఆ ముక్క నాకూ అప్పుడే పూర్తిగా ఎక్కింది. పొద్దున మేడమ్ మీద అరిచినందుకు కొంచెం సిగ్గేసింది, కొంచెమే.

"మూడో లైనుకే గింతనా?" అంది మమత. ఆరో లైను దాకా నడిచి వెళ్లి, తను పొద్దున నిలబడిన గీతను వంగి చూసింది. "అంటే నన్ను ముంగట నిలబెట్టలే."

"లేదే. నీ దారి పొడుగు. గంత దూరం నీకు ముందే తగ్గించిన్రు. నీ మీద దయ చూపెట్టనీకె నువ్వెవరో ఆ మేడమ్‌కు తెల్వనే తెల్వది."

అది నవ్వుతుందనుకున్నాను. గీత పక్కన కూర్చుని ఏడ్చింది. దసరా నుంచి ఎండలో, చలిలో దానితో ఉరికాను, ఎన్నడూ ఏడవగా చూడలేదు. "ఇగ పుణెనే గదా స్వరూపా" అంది. దగ్గర కూర్చోవడం తప్ప ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇక మిగిలింది రెండు వందల మీటర్ల పందెం. అందులో మా బడి నుంచి నేను ఒక్కదాన్నే. మమత నడి సంవత్సరంలో చేరింది కాబట్టి దాని పేరు చివర్లో ఒక్క పందేనికే చేర్చారు. ఇక్కడే నా మూడో కోపం. నా చోటు మమతకిమ్మని ఎవరూ నన్ను అడగలేదు. సారు నా వైపు చూడకుండా ఆకాశం చూస్తున్నాడు. మమత నేల చూస్తోంది. అడిగితే ఠక్కున ఇవ్వనని చెప్పేదాన్నేమో. జూన్ నుంచి ఆ పందెం కోసమే ఉరికాను. ఆ నీహారికను ఒక్కసారి దాటాలని పొద్దున్నుంచీ కడుపులో మంట. నాకు మాత్రం ఆశ ఉండదా? అదిస్తే ఇక నాకు ఏమీ మిగలదు, పైగా మమత హాస్టల్‌కు పోతుంది. ఇవ్వకపోతే పుణె పోతుంది. ఎటు చూసినా రేపటి నుంచి ఆ రోడ్డు మీద నా పక్కన ఉరికేవాళ్లుండరు. కానీ పుణెలో అది ఉరకదు. అక్కడ ఇటుకలు మోస్తుంది.

ఛాతీ మీది నంబరు గుడ్డ పీకి దాని ఒళ్లో పడేశాను. "తీస్కో. గెలవకపోతే చంపుత."

సారు గబగబా మేడమ్ దగ్గరికి పోయాడు. "పిలుపుకు ముందైతే మార్చుకోవచ్చండి. మార్చాక మళ్లీ ఈ అమ్మాయే పరిగెడుతుందంటే మాత్రం కుదరదు" అంది మేడమ్, నన్ను కళ్లజోడు మీదుగా చూస్తూ. నా వల్ల పొద్దున ఎంత పరేషానయిందో ఆమెకే తెలుసు.

నాకు వచ్చిన చీటీయే మమతకు. మళ్లీ ఒకటో లైను. ఈసారి అందరికంటే వెనక అదే. నేను తాడు దగ్గర నిలబడి, "వాళ్లల్ల ఎవరన్న నీ కోసం ఆగుతరేమో చూడు!" అని అరిచాను. ఏడ్చి ఎర్రబడిన కళ్లతోనే నవ్వింది.

ఎవరూ ఆగలేదు. ఆగాల్సిన పని కూడా లేకపోయింది. వంపు తిరిగేసరికి అందరూ ఒక్క వరసలోకి వచ్చారు, మా రోడ్డు మీద గీత దగ్గర నిలబడ్డట్టే. ఎదురుగా నిటారు దారి. అది మమతకు పుట్టినిల్లు. మమత నీహారిక భుజం పక్కగా వచ్చి, ఛాతీ ముందుకు తోసి అందరికంటే ముందు గీత దాటింది. నేను ఏం అరిచానో నాకు తెలియదు. గొంతు మూడు రోజుల దాకా రాలేదు. మైకు ఆయన మళ్లీ చప్పట్లు కొట్టమన్నాడు. ఈసారి మమత వద్దనలేదు.

నీహారిక ఆయాసపడుతూనే మా దగ్గరికి వచ్చి, "ఇందాక ఎందుకు ఆగిపోయావ్?" అని అడిగింది. మమత తల దించుకుంది. "మా బడిల గంతే. ఎనకున్నోళ్లను ఇడిసిపెట్టి పోము" అన్నాను నేను. ఆ అమ్మాయి మమతకు తన గ్లూకోజ్ నీళ్లు ఇచ్చింది. అంత చెడ్డ పిల్లేం కాదు.

ఈశ్వరయ్య గారు మమత పేరు రాసుకుని, వాళ్ల నాన్నను తీసుకుని సోమవారం రమ్మన్నారు. నెలాఖరులో షెడ్లు విప్పేశారు. సాయిలు, లక్ష్మమ్మ లారీ ఎక్కి పుణె పోయారు. మమత ఇనప పెట్టెతో హాస్టల్‌కు పోయింది. మర్నాడు పొద్దున సారు రోడ్డు మీద గీత గీస్తే, నా పక్కన ఉన్న ఖాళీ చూసి కోపం కూడా రాలేదు. ఏడుపొచ్చింది.

మళ్లీ ఏడాది జిల్లా పోటీల్లో నాలుగు వందల మీటర్లకు నాకు రెండో లైను వచ్చింది. ముందుకు చూస్తే అయిదో లైనులో, కాళ్లకు బూట్లతో, పొడుగ్గా ఎదిగి మమత. తుపాకీ పైకి లేవబోతుండగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. అయ్యో, మళ్లీ ఆగుతుందా ఏమిటి ఈ పిచ్చిది?

"స్వరూపా!" అని అరిచింది. "ఈసారి నేను ఆగ. జల్ది రా!"

తుపాకీ పేలింది. అది ఆగలేదు.