రెండు మీటల ప్రెస్సు

పెళ్లయి మూడు నెలలైనా కొత్త కోడలికి అత్తారింట్లో అన్నీ ముద్దుగానే ఉన్నాయి. మొగుడు పళ్లు తోముకుంటూ తీసే కూనిరాగం ముద్దు. లాండ్రీలో పనిచేసే బావగారు జేబుల్లోంచి రాలిన పెన్ను మూతలు ఏరుకొచ్చి, "ఇదిగో మరదలా, నీకే" అని దోసిట్లో పొయ్యడం మరీ ముద్దు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన మర్చిపోయిన కళ్లజోడు పట్టుకుని, ఎండని తెగ మెచ్చుకుంటూ వెళ్లి లాండ్రీ వెనక గుమ్మంలో కాలుపెట్టేసరికి, బావగారిని కిందపడేసి తన్నుతున్నారు.

తన్నేది ఒక్కడే, బాయిలర్ వాడు. బూటుకాలితో పొట్టలో ఒకటి, నడుం మీద ఒకటి. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద ప్రెస్సు పక్కన వాడి అక్క మొగుడు, ఇస్త్రీ మేస్త్రీ, నలిగి కాలిన చేతిని తువ్వాలులో చుట్టుకుని గావుకేకలు పెడుతున్నాడు. ఆవిరిలో కాలిన చర్మం వాసన.

"నువ్వే కదరా మీట నొక్కింది?"

"అవును, నేనే."

"కావాలనే నొక్కావు కదూ!"

"అవును. కావాలనే."

ఇంకో తన్ను.

ఆ అవునుల సంగతి కోడలికి తెలుసు. బావగారు కడుపులో ఉండగా అత్తగారు తాగిన సారా ఆయన మెదడును పుట్టకముందే దెబ్బకొట్టింది. ఆ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా దాచలేదు. మంచాన పడ్డాక కాబోయే కోడల్ని పిలిచి చెప్పిన మాట ఒక్కటే: "గద్దించి అడిగితే వాడు దేనికైనా అవునంటాడమ్మా. గద్దించకు." ఇప్పుడాయనకు నలభై ఏడు. మోకాళ్లు అరవై దాటినవాడివి, చెవులు ఇంకా ముసలివి, ఈమధ్య నిన్నటి సంగతులు కూడా జారిపోతున్నాయి. ఇరవై రెండేళ్లుగా అదే లాండ్రీ, అదే దుప్పట్ల బండి. ఆ పని ఉన్నంతకాలమే మనిషి నిలదొక్కుకుంటాడని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

ఆమె బాయిలర్ వాడి కాలరు పట్టి వెనక్కి లాగింది. వాడి మోచెయ్యి ఆమె మూతికి తగిలి పెదవి చిట్లింది. ఆమె వాడి ముంజేతిని కసుక్కున కొరికింది.

"ఓరి దేవుడో! ఇది ఆడదా, కుక్కా?"

"కుక్కనే. ఇంకో చెయ్యి కూడా ఇవ్వు!"

ఓనరమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఆపండర్రా! ఆస్పత్రి బండి వస్తోంది. ఇదిగో అమ్మాయ్, మీ బావ తనే ఒప్పుకున్నాడు. విన్నావుగా?"

"ఈయన చెప్పేది వినకండి, చేసేది చూడండి," అని కోడలు నేల మీద ఆయన పక్కనే చతికిలబడి, గొంతు తగ్గించింది. "బావగారూ, ఏం జరిగిందో నాకు చూపిస్తారా?"

ముక్కు నుంచి రక్తం కారుతుండగానే ఆయన లేచాడు. బండి పట్టుకుని నాలుగడుగులు తోశాడు. ప్రెస్సు దగ్గర ఎడమ మోకాలు ఎలా మడత పడిందో చూపిస్తూ ఒరిగి, అరచేత్తో మీట మీద ఆనుకున్నాడు. ప్రెస్సు పైనున్న వేడిరేకు బుస్సుమని దిగింది. అందరూ ఎగిరిపడ్డారు.

ఒక్క మీటకు అది దిగకూడదు. చేతులు రెండూ బయటే ఉండాలనే దానికి రెండు మీటలు పెట్టారు. కోడలు అవతలి వైపు వెళ్లి చూసింది. రెండో మీట మీద చెక్కముక్క అదిమి, దిండు గలేబు పీలికతో బిగించి కట్టి ఉంది.

మేస్త్రీ కేకలు ఆగిపోయాయి. "రెండు చేతులూ పెట్టి నొక్కుతుంటే... రోజుకి ఎన్ని తెములుతాయమ్మా," అని గొణిగాడు.

మేస్త్రీని ఏమీ అనలేక బాయిలర్ వాడి కోపం అడ్డం తిరిగింది. "పెద్ద పోలీసొచ్చింది!" అని కోడలి చెంప ఛెళ్లుమనిపించాడు.

అన్ని తన్నులు తిన్నా చెయ్యెత్తని బావగారు, మరిగే దుప్పట్లు తోడే కర్ర అందుకున్నాడు. వాడి చెవి మీద కొట్టాడు. ఆ మొదటి దెబ్బకు కోడలికి, ఒట్టు, సంబరమేసింది. వాడు కూలబడ్డాక పడిన రెండో దెబ్బకు ఒళ్లు జలదరించింది. మూడో దెబ్బకు వాడి చెంప పగిలి రక్తం చిమ్మితే భయమేసింది.

"కర్ర కింద పెట్టండి." ఆయన వినలేదు. "కర్ర కింద పెట్టండి." నాలుగోసారి లేచిన కర్ర గాల్లో ఆగింది. "బావగారూ, కర్ర కింద పెట్టండి."

పెట్టాడు.

ఓనరమ్మ కోడలి వైపు తిరిగింది. "మీటది ప్రమాదం, తప్పు నా షాపుది. ఇది మాత్రం ప్రమాదం కాదు. రేపటి నుంచి రావద్దని చెప్పు."

ఆవిడన్నదాంట్లో అబద్ధం లేదు.

"రేపు ఆరింటికా, ఏడింటికా ఓనరమ్మా?" ఆయన చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఆవిడ మొహం తిప్పుకుని, "సెలవని చెప్పమ్మా," అంది మెల్లిగా.

"సెలవు కాదు బావగారూ. ఇక్కడ మీ పని అయిపోయింది. రేపు ఏడింటికి మనిద్దరం వేరే పని వెతకడానికి వెళ్దాం."

"ఏడింటికి?"

"ఏడింటికే."

"మరి ఈ బండో?" సగం నిండిన బండి వైపు చూపించాడు. "సగంలో వదిలేస్తారా ఎవరైనా?"

ఆయన కుంటుతూ తోశాడు, కోడలు రెండో వైపు చెయ్యేసింది. నేల మీద చెవి పట్టుకుని కూర్చున్న బాయిలర్ వాడు కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.