క్రీము లేని కేకు

కేకు ముఖాన పూయడం ఎవడు కనిపెట్టాడో తెలియదు. దొరికితే వాణ్ణి మా పిండి కలిపే మిషన్లో వేసి తిప్పుతాను.

నేను బేకరీలో కేకు మాస్టర్ని. పొద్దున్నే గుడ్లు పగలగొట్టడంతో మొదలై, క్రీముతో గులాబీలు పిండడంతో నా పని ముగుస్తుంది. జనం క్రీము అంటే పాల మీగడ అనుకుంటారు. కాదు. గడ్డకట్టిన నూనెలో పంచదార పొడి పోసి, తెల్లబడి పొంగేదాకా గిలక్కొట్టింది అది. చన్నీళ్ళకు వదలదు. గోళ్ళ సందుల్లో దూరితే సాయంత్రానికి ముక్కిన వాసన కొడుతుంది. తింటే తినండి, మీ కడుపు మీ ఇష్టం. ముక్కులో, చెవుల్లో, కనురెప్పల మీద కుక్కుకుని ఫొటోలకు పళ్ళికిలించడమేమిటి?

మా యజమానికి మాత్రం పండగ్గా ఉంది. ఈ మధ్య కేకుతో పాటు విడిగా ఒక డబ్బా అమ్ముతున్నాడు. గిన్నెల అడుగున మిగిలిన క్రీమంతా గీకి, రంగు కలిపి, మూత పెట్టిస్తాడు. దాని పేరు పూత డబ్బా. 'కేకు పాడవకుండా సరదా తీర్చుకోండి' అని గోడ మీద రాయించాడు. పాడవకూడనిది కేకు. పిల్ల ముఖం ఏమైపోయినా ఫరవాలేదు.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. చిన్నదానికి నేను చెప్పబోయే ఆదివారానికి ఆరు నిండాయి. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పుడు ఆవిడ ముఖం మీద ఎవరో గుడ్డ కప్పారు. చిన్నది చూసింది. ఆ రోజు నుంచి తన ముఖానికి ఏదీ తగలనివ్వదు. తల మీంచి తొడిగే గౌను వేసుకోదు. ముందు బొత్తాలున్నవే వెతికి కొంటాను. పౌడరు అద్దబోతే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చేలా అరుస్తుంది. ముఖం కడిగితే నేనే కడగాలి. అదీ, 'ఇప్పుడు ఈ చెంప, ఇప్పుడు ఆ చెంప' అని చెప్పి కడగాలి.

అలాంటి పిల్ల ఆ వారం మొదట్లో నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నాన్నా, ఈసారి నేను కూడా కేకు కోస్తా."

"కోద్దువులే."

"అందర్నీ పిలవాలి."

"పిలుద్దాం."

"కానీ ఎవరూ పూయకూడదు."

"పూయరు."

"బాబాయి?"

"వాడి చెయ్యి విరగ్గొడతా."

పెద్దది లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: "చేతులు విరగ్గొడితే ఇంకెవరొస్తారు నాన్నా?"

"ఒట్టేనా?" అంది చిన్నది.

"ఒట్టు. నీ పక్కనే నిలబడతా. ఈగను కూడా వాలనివ్వను."

అది కాసేపు నా ముఖం చూసింది. సంతలో వంకాయ పుచ్చా మంచిదా అని చూసినట్టు చూసింది. తర్వాత, "సరే అయితే పిలువు," అంది.

ఆదివారం పొద్దున్నే బేకరీకి వెళ్ళి, పొయ్యి ఖాళీ అయ్యాక నా కేకు నేను చేసుకున్నాను. నారింజ తొక్క తురిమి వేసిన ఒట్టి కేకు. క్రీము లేదు. పైన పంచదార పాకం ముదురుగా కాచి పలచగా పోశాను. ఆరేసరికి గాజులా బిగుసుకుంది. వేలితో రుద్దినా, అరచేత్తో రాసినా ఏమీ అంటదు. పూయాలన్నా పూయలేరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం జనం దిగారు. మా అత్తగారు, మరదలు, మరదలి మొగుడు, పక్కింటి పిల్లలు. మా తోడల్లుడు టైల్సు కొట్టులో సేల్స్‌మన్. జోకు వేసి, ఎవరైనా నవ్వేలోపు తనే నవ్వేసే రకం. మరదలి చేతిలో ఫోను ఎప్పుడూ లేచే ఉంటుంది. దాని వెనక ఆవిడ కళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో.

బల్ల మీద కేకు చూడగానే తోడల్లుడు ఆగిపోయాడు.

"ఇదేంటి అన్నయ్యా, కేకు చెయ్యబోతే టైలు వచ్చిందా? చెబితే మా కొట్లోదే తెచ్చేవాణ్ణిగా!" అని పొట్ట పట్టుకున్నాడు.

"కేకు మాస్టరు ఇంట్లో బోడి కేకా!" అంది మరదలు. "పుట్టినరోజా బావా, పథ్యమా?"

"దానికిదే ఇష్టం."

"దానికేం తెలుసు, వేలెడంత లేదు. ఫొటోలో ఏం కనిపిస్తుంది? ఇటుక కనిపిస్తుంది."

"పోనీవే, ఏదో తండ్రి చేతులారా చేశాడు," అంది మా అత్తగారు. అని ఊరుకుందా? నావైపు తిరిగి, "అయినా బాబూ, పైన ఇంత క్రీమేస్తే నీ సొమ్మేం పోయింది?" అంది.

నేను అందరికీ వినపడేలా చెప్పాను. "ఎవరూ దాని ముఖం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మర్యాద దక్కదు."

"అబ్బో, అన్నయ్య డైలాగులు మొదలెట్టాడు!" అని తోడల్లుడు తన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నా మీదొట్టు. నేను ముందు ముట్టుకోను. సరేనా?"

ముందు ముట్టుకోను అన్నాడు. ఆ ముక్క నేను పట్టించుకోలేదు.

అప్పుడు సంచీలోంచి ఒక పెట్టె తీశాడు. మా బేకరీ పెట్టే. తెరిస్తే లోపల గులాబీ రంగు క్రీము కేకు. ముందురోజు నా చేత్తో నేనే పూసి, పూలు పెట్టింది. అంచున నా చాకు గీత నాకు తెలియదా? పక్కనే పూత డబ్బా.

"మీ షాపుదే అన్నయ్యా! నీ చేతి వంటే నీకు తెచ్చా! ముఖానికి కాదులే, బల్ల మీద అందానికి."

డబ్బా లాక్కుని వంటింట్లో గిన్నెల వెనక దాచాను. మా యజమాని రెండు డబ్బాలు కొంటే ఒకదానికి సగం ధరే అంటాడని, వీడు ఒకటితో వచ్చే మనిషి కాడని నాకు తోచలేదు.

చిన్నది ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. ముందు బొత్తాల పసుపు గౌను. నేను పక్కనే, మాటిచ్చినట్టే. చాకు ఇచ్చాను. కోసింది. పాకం టక్కుమని పగిలింది.

"పగిలింది నాన్నా!"

ఇంకోచోట చాకు మొనతో కొట్టింది. మళ్ళీ టక్కుమంది. పకపకా నవ్వింది. పక్కింటి పిల్లలు మీద పడి గాజుముక్కల్లాంటి పాకం ఏరుకుని బుగ్గన పెట్టుకున్నారు. అదీ కొట్టింది, వీళ్ళూ కొట్టారు. కేకు రోడ్డు తవ్వినట్టయింది. పిల్లలు కరకరా నములుతూ, ఎవరి పలుకు పెద్దదో చూపించుకుంటూ ఎగిరారు. తల్లి పోయాక చిన్నది అంతగా నవ్వడం నేను వినలేదు.

"చాల్లేవే, ఇటు చూడు, ఫొటో!" అంది మరదలు. ఎవరూ చూడలేదు. "ఇలా అయితే ఏం సరదా? అందరి ముఖాలూ ఆఫీసుకెళ్ళినట్టున్నాయి."

ఇంతలో పెద్దది నాకూ చెల్లెలికీ మధ్య దూరింది. కేకు ముక్క కోసమనుకుని జరిగాను. దాని చూపుడు వేలి మీద గులాబీ రంగు క్రీము ఉంది. ఆ వేలు చెల్లెలి ముక్కు కొస మీద పెట్టింది.

"నవ్వు చెల్లీ," అంది గుసగుసగా. "నవ్వితే తొందరగా అయిపోతుంది."

చిన్నది నవ్వలేదు. కర్రలా బిగుసుకుంది.

"అదిగో! అక్కే మొదలెట్టింది! ఇంక నా ఒట్టు తీరిపోయింది!" తోడల్లుడి చెయ్యి వీపు వెనక నుంచి వచ్చింది. నిండా క్రీము. నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క రాపు రాశాడు. గోడకు సున్నం కొట్టినట్టు.

అది అరవలేదు. అరిస్తే బాగుండేది. ముక్కూ నోరూ పూడిపోయి ఊపిరి ఆడలేదు. తర్వాత గుడగుడమని చప్పుడొచ్చి, బల్ల మీద, నారింజ కేకు మీద, తన పసుపు గౌను మీద కక్కుకుంది. చుట్టూ చప్పట్లు. చప్పట్ల మధ్య మరదలి గొంతు.

"ఉండండి ఉండండి, తుడవకండి, నాకు సరిగ్గా రాలేదు. ఇంకోసారి!"

నేను గులాబీ కేకు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి తోడల్లుడి ముఖానికేసి కొట్టాను. పూయలేదు. కొట్టాను. పిండి మర్దించే బలమంతా పెట్టి నొక్కాను. ముక్కు విరగాలని నొక్కాను.

ఇల్లు నవ్వులతో హోరెత్తిపోయింది.

"బావ దిగాడు! బావ దిగాడు!" మరదలు కేకలు. "ఇన్నాళ్ళకు బావ నవ్వాడమ్మా!"

నేను నవ్వలేదు. పళ్ళు కొరికాను. ఫోనులో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబోలు.

తోడల్లుడు కళ్ళ మీది క్రీము తీసి నాకాడు. "ఇంత సరదా లోపల దాచుకున్నావా అన్నయ్యా!" అని నన్ను కావలించుకున్నాడు. వాడి ముఖం మీదున్నదంతా నా మెడకు, చొక్కాకు అంటింది. వెచ్చగా, జిడ్డుగా, వాడి ఎంగిలితో సహా. వాణ్ణి తోసేసి చిన్నదాన్ని ఎత్తుకుందామని చేతులు చాపాను.

అది నా చేతులు చూసింది. మణికట్ల దాకా గులాబీ రంగు.

పీట మీంచి దూకి బాత్రూములోకి పారిపోయి గడియ పెట్టుకుంది.

"తలుపు తియ్యమ్మా. నేను, నాన్నను."

"నీ చేతికీ ఉంది."

వంటింట్లో సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నాను. నీళ్ళు కాచి బకెట్టులో పోసి తెచ్చాను. "చన్నీళ్ళకు పోదమ్మా అది. వేన్నీళ్ళు తెచ్చాను. కడుక్కున్నాను, చూడు."

పెద్దది వచ్చి బకెట్టు పట్టుకుంది. "నేనిస్తా నాన్నా."

"నువ్వు మాట్లాడకు. మొదలెట్టింది నువ్వే."

అది తల దించుకోలేదు. "బాబాయి సంచీలో ఇంకో డబ్బా ఉంది. చూశా. నేను కొంచెం పెడితే, అయిపోయిందిలే అని వదిలేస్తారనుకున్నా."

"నవ్వితే అయిపోతుందని నీకెవరు చెప్పారు?"

"పిన్నే. పోయినేడు వాళ్ళింట్లో నా పుట్టినరోజు చేశారుగా. ఫొటో సరిగా రాలేదని కడిగి మళ్ళీ పూశారు. నవ్వేదాకా."

"నవ్వావా?"

"నవ్వా."

ఆ ఫొటో మా ముందుగదిలో గోడకుంది. మరదలే ఫ్రేము కట్టించి ఇచ్చింది. నల్ల క్రీములో తెల్లటి పళ్ళు. పనికెళ్ళేటప్పుడు రోజూ చూసి, పోనీలే పిల్ల సంతోషంగా ఉంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు వెళ్ళి మేకుతో సహా పీకాను.

పెద్దది తలుపు తట్టింది. సందులోంచి బకెట్టు లోపలికి పోయింది. మళ్ళీ గడియ పడింది. చెంబుతో నీళ్ళు పోసుకున్న చప్పుడు. "కళ్ళు మూసుకుని రుద్దుకో," అని పెద్దది బయటి నుంచి చెబుతోంది. "చెవి వెనక కూడా."

"అబ్బో, ఒక్కతే స్నానం చేసుకుంటోందా!" మరదలు ఫోను పట్టుకుని వచ్చింది. "ఇదే మొదటిసారి కదూ బావా? పెద్దదైపోయిందమ్మా మా బంగారం! బయటికొచ్చేటప్పుడు తీస్తానుండు."

"మీరంతా పొండి," అన్నాను.

నవ్వారు. తోడల్లుడు మరీ నవ్వాడు. గుమ్మం దగ్గర చెప్పులు ఒక్కో జతా తీసి మెట్ల మీదికి విసిరాను. తోడల్లుడి బూట్లు దొర్లుకుంటూ కింది అంతస్తు దాకా పోయినప్పుడు గానీ నవ్వు ఆగలేదు.

"పిల్లలతో కాస్త సరదాగా ఉండటం కూడా తప్పేనా నాయనా?" అంది మా అత్తగారు, ఒంటికాలి మీద నిలబడి చెప్పు వేసుకుంటూ.

"తప్పే."

"నా కూతురు ఉండుంటే..."

"ఉండుంటే మిమ్మల్ని గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు."

తలుపు వేసి వచ్చి బాత్రూము బయట కూర్చున్నాను. భుజం మీద ఉతికిన తువ్వాలు. చాలాసేపటికి గడియ తీసింది. ముఖం రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయింది. చెవి వెనక ఇంకా కొంచెం ఉంది. నేను చెప్పలేదు.

"చేతులు చూపించు," అంది.

చూపించాను. తిరగేయమంది. తిరగేశాను. దగ్గరికి రాకుండానే మెడ చాపి వాసన చూసింది.

"ఇంకా వస్తోంది."

"అది పని వాసనమ్మా. ఎప్పుడూ ఉండేదే."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"నువ్వు పక్కనే ఉన్నావు కదా నాన్నా," అంది.

"ఉన్నాను."

"ఇంకెప్పుడూ ఒట్టు పెట్టకు."

తువ్వాలు నా భుజం మీంచి రెండు వేళ్ళతో లాక్కుని, అక్క చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ముందుగదిలో క్రీము నేలకు అంటుకుని గట్టిపడుతోంది. అట్లకాడ తెచ్చి గీకడానికి కూర్చున్నాను.