‘నూ’ అనగానే వచ్చిన నవ్వు

యూదుల పండుగలు అయిపోయిన అక్టోబరులో బ్లూమా పెట్టె సర్దుకుంటోంది. చెల్లెలు త్సీపా మంచం అంచున కూర్చుని, అక్క మడిచిన ప్రతి బట్టనూ విప్పి మళ్ళీ మడుస్తోంది.

"మయామీలో చలి ఉండదే. ఆ ఉన్ని స్వెట్టరు ఎందుకు పెడుతున్నావు?"

"రైల్లో ఉంటుంది."

"రైలు ఒక్కరోజే."

"ఒక్కరోజులో జలుబు చెయ్యదా?"

బ్లూమా భర్త ఫిష్‌ల్ ఊపిరితిత్తులకు న్యూయార్కులోని ఈ బ్రాంక్స్ చలి పడటంలేదని డాక్టరు చెప్పాడు. అందుకే ఈ ప్రయాణం. చిన్నప్పుడు పోలండులోని బియాలిస్టోక్‌లో ఒకే రైలెక్కి అమెరికా చేరిన అక్కచెల్లెళ్ళు, అప్పటినుంచి ఒకే మేడలో పైనా కిందా కాపురమున్నారు. త్సీపా భర్త పోయాక ఆమెకు మిగిలింది పై అంతస్తులో అక్క అడుగుల చప్పుడే. రేపటినుంచి అదీ ఉండదు.

పెట్టెలో బట్టలన్నీ అయ్యాయి. బల్లమీద గ్రామఫోను రికార్డు ఒక్కటే మిగిలింది.

రెండేళ్ళ కిందట పక్కింటావిడ అల్లుడు వీళ్ళిద్దరినీ రికార్డింగు హాలుకు తీసుకెళ్ళాడు. హాస్య నాటికలు వేసేవాళ్ళకు ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్ళు కావాలట. పాస్ట్రామీ మాంసం పెట్టిన రొట్టెలు తినిపించి మరీ కూర్చోబెట్టారు. చివర్లో ఇద్దరికీ కలిపి ఒకే రికార్డు ఇచ్చారు. తర్వాత ఆ చిన్న కంపెనీ మూతపడింది. ఇంకొకటి కొందామన్నా దొరకదు.

అందులో ఒక కొడుకు రాకెట్టులోంచి తల్లితో మాట్లాడతాడు. "అమ్మా, నేను భూమి చుట్టూ తిరుగుతున్నాను" అంటాడు. తల్లి వాళ్ళ యిద్దిష్ భాషలో "నూ?", అంటే "అయితే?", అని ఆగుతుంది. ఆ సందులో హాల్లో ఒకే ఒక్క ఆడగొంతు పగలబడి నవ్వి, చివర వెక్కిళ్ళలోకి దిగుతుంది. తక్కిన జనం నవ్వేది తల్లి మాట పూర్తిచేశాకే: "భూమంతా తిరగడానికి తీరికుంది, శుక్రవారం భోజనానికి బ్రాంక్స్ రావడానికి లేదా?"

హాస్యం రాకముందే నవ్వడం తప్పే. కానీ వాళ్ళమ్మ కడుపున పుట్టినవాళ్ళకు ‘నూ’ తర్వాత ఏం వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. తిన్నావా అనడానికీ నూ, ఎందుకు తినలేదనడానికీ నూ, పెళ్ళెప్పుడనడానికీ నూ. బియాలిస్టోక్ స్టేషనులో రైలు కూత వేస్తుంటే ఆవిడ వేరే మాటేమీ చెప్పలేదు. ఇంక ఎక్కండి అన్నట్టు, నూ అంది.

ఆ నవ్వు నాదంటే నాదని అక్కచెల్లెళ్ళు రెండేళ్ళుగా కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఇద్దరి నవ్వూ ఒకేలా ఉంటుంది, ఇద్దరికీ వెక్కిళ్ళొస్తాయి.

"రికార్డు ఇక్కడే ఉండనీ అక్కా," అంది త్సీపా. "ఆ నవ్వు నీది. నీ నవ్వు నీకెందుకు, నాకుండాలి గానీ."

బ్లూమా పెట్టె మూత వదిలేసి ఆమెవంక చూసింది. "ఇన్నాళ్ళూ ‘నాదే’ అన్నావుగా?"

"పొరపాటుపడ్డాను. నీదే."

"కాదు, నీది. నాకలా రాదు. అందుకే నేను పట్టుకెళ్తాను."

"నిన్న మెట్లమీద కూడా ‘నాదే’ అన్నావు."

"నిన్న నేను ప్రయాణంలో లేను."

ఇద్దరూ రికార్డు పెట్టి విన్నారు. మళ్ళీ పెట్టారు. "ఆ వెక్కు చూడు, అచ్చం నువ్వే" అంటుంది ఒకతె. "నాకంత గట్టిగా ఎప్పుడొచ్చింది?" అంటుంది రెండోది. కింద టాక్సీ హారను మోగింది. ఫిష్‌ల్ మెట్లమీదినుంచి దగ్గుతూ, "మీరిద్దరూ తేల్చుకునేలోపు నేను ఇక్కడే పోతాను, టిక్కెట్లు మిగుల్తాయి" అన్నాడు.

త్సీపా ఓడిపోయింది. అక్క పెద్దది, పైగా వెళ్ళేది ఆమె. త్సీపా రికార్డును అట్టతో సహా మందపాటి తువ్వాల్లో చుట్టి పెట్టెలో పెట్టింది. రైల్లో తినడానికి ఉడికించిన గుడ్లు మూట కడదామని వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బ్లూమా పెట్టెకు తాళం వేసేసి, ముందుగదిలో తన కోటుకోసం వెతుకుతోంది. కోటు ఒంటిమీదే ఉంది.

"నూ," అంది బ్లూమా గుమ్మంలో. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున త్సీపా పైకెళ్ళి, అక్క ముందుగదిలో వదిలిన రొట్టెల డబ్బా తీసింది. నల్లరొట్టె మీద, మైనపు కాగితంలో, రికార్డు ఉంది. అట్ట లేదు.

సాయంత్రం ఫోను మోగింది.

"అక్కా, నువ్వు వట్టి అట్ట పట్టుకెళ్ళావు."

"నాకు ఫిష్‌ల్ ఉన్నాడుగా. మనిషి నవ్వడనుకో, కానీ ఉన్నాడు."

"మరి నువ్వు అక్కడ ఏం వింటావు?"

"నూ?" అంది బ్లూమా.

ఆ మాట పూర్తికాకముందే త్సీపా నవ్వేసింది. అవతల బ్లూమా కూడా నవ్వింది. ఇద్దరికీ వెక్కిళ్ళొచ్చాయి. తీగలో ఏ వెక్కు ఎవరిదో తెలియలేదు.

"విన్నావా? నీదే," అంది బ్లూమా.

"కాదు, నీది."

"మొండిదానా. పస్కా పండుగకు వస్తాను, అప్పుడు తేలుద్దాం. పండుగ పళ్ళెంలోకి గుర్రపు ముల్లంగి నేనే తురుముతాను, నువ్వు తురిమితే కారం ఉండదు."

బ్లూమా రాలేదు. పస్కాకు ఆరు వారాల ముందు, 1964 ఫిబ్రవరిలో, మయామీలో పోయింది.